తెల్లచార లేని చొక్కా

ఎర్రయ్య కేసును నేను సరిగ్గా ఇరవై నిమిషాల్లో ఛేదించాను. ఇంతకంటే వేగంగా నేరస్తుణ్ణి పట్టుకున్న డిటెక్టివ్ ఖరగ్‌పూర్ నుంచి హౌరా దాకా ఏ స్టేషన్లోనూ ఇంతవరకు దిగలేదు. ఇరవై ఒకటో నిమిషంలో ఆ నేరస్తుడు నా మూతి మీద గుద్దాడు. నా పై పన్ను ఒకటి ఇసుకలో పడింది. ఇరవై రెండో నిమిషంలో తేలిందేమిటంటే, అతను నేరస్తుడు కాడు.

కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

బుధవారం, మే నెల, ఉదయం 10:40. ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఇనుము కరిగించి పోతపోసే ఒక చిన్న ఫ్యాక్టరీ. అందులో ఎర్రయ్య అనే యాభై ఎనిమిదేళ్ళ కొలిమి మనిషి, కరిగిన ఇనుము మీద తేలే చిట్టెం తీసే నాలుగున్నర అడుగుల ఇనపగడను రెండు చేతులా ఎత్తి తన ఫోర్‌మన్ జాన్ పాల్‌ని కొట్టాడు. మొదటి దెబ్బకి మెడ పక్క ఎముక విరిగింది. రెండో దెబ్బకి కుడి చెవి సగం తెగి వేలాడింది. మూడో దెబ్బ, జాన్ పాల్ అప్పటికే కింద పడిపోవడంతో, ఖాళీ ఇనప బకెట్‌కి తగిలింది. ఆ చప్పుడు పక్క షెడ్డు వాళ్ళకి కూడా వినిపించిందట. నాలుగో దెబ్బకి గడ ఎత్తిన ఎర్రయ్య, ఎత్తినవాడు ఎత్తినట్టే బిగుసుకుపోయాడు. నోట్లోంచి నురగ వచ్చింది. ఇసుకలో పడి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. తన నాలుక తనే కొరుక్కున్నాడు.

ఇద్దర్నీ ఒకే వ్యాన్‌లో పక్కపక్కనే పడుకోబెట్టి ఆసుపత్రికి పంపారు. రెండో వ్యాన్ లేదు.

11:15కి ఎర్రయ్య కూతురు శ్రావణి నాకు ఫోన్ చేసింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా అమ్మమ్మ క్వార్టరు వరండాయే నా ఆఫీసు. 'అమర్‌నాథ్, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు కూడా ఉంది. అప్పటికి నేను ఛేదించిన కేసులు నాలుగు వందలు. అందులో మూడు వందల తొంభై ఎనిమిది తప్పిపోయిన మేకలు. మిగతా రెండూ మేకలే, కానీ దొరికినవి తమవి కావని యజమానులు వాదించారు.

"అమరూ, మా నాన్న తాగీసి కొట్టినాడని ఆ సెక్యూరిటీ ఆఫీసరు రాసీసినాడట," అంది శ్రావణి. "మా నాన్న జన్మలో తాగినాడేటి? నీకు తెల్దా? మీ ఇంటికి నాలుగో ఇల్లే కదా మాది! నాను పెల్లయి ఇందా పేటకి ఎల్లిపోయినాక ఆయన బాగోగులు సూసింది మీ క్వార్టర్ల లైనోళ్ళే. నువ్వెల్లు. ఏటైనాదో కనుక్కో. ఇదిగో, డాక్టరమ్మ మాటాడతాదట."

ఫోన్ చేతులు మారింది.

"నేను డాక్టర్ వాసంతిని. మీరు డిటెక్టివా?"

"నా పేరు మీరు వినే ఉంటారు."

"వినలేదు. ఇప్పుడు మీరు వినండి. ఆయన తాగలేదు. రక్తంలో ఉప్పు పడిపోయింది. సోడియం నూట ముప్పై అయిదు దాటి ఉండాలి, ఈయనకి నూట పది ఉంది. శరీరానికి లోపల ఒక తూకం ఉంటుంది. బయట కొలిమి మండుతున్నా లోపల వేడి పెరగకూడదు, ఎంత నీళ్ళు తాగినా ఉప్పు పలచబడకూడదు. చర్మం, మూత్రపిండాలు, మెదడు అన్నీ కలిసి ఆ తూకం కాపలా కాస్తాయి. ఈయన విషయంలో ఆ కాపలా ఓడిపోయింది. ఉప్పు తగ్గేసరికి నీళ్ళు మెదడులోకి చేరి అది ఉబ్బింది. ఉబ్బడానికి పుర్రెలో చోటు లేదు. అందుకే ఆ తికమక, ఆ కోపం, ఆ ఫిట్స్."

"నేరస్తుడు ఉప్పే అన్నమాట," అన్నాను.

"జోకులొద్దు. ఫిట్స్ ఆగడానికి చిక్కటి సెలైన్ కొంచెం ఎక్కించాం. ఆగాయి. అసలు కష్టం ఇప్పుడే. ఈ ఉప్పు ఇవాళ ఒక్క పూటలో పడిపోయిందా, కొన్ని రోజులుగా తగ్గుతూ వచ్చిందా? ఇవాళ్టిదే అయితే గబగబా పైకి తేవాలి, లేకపోతే మళ్ళీ ఫిట్స్ వచ్చి పోతాడు. రోజుల తరబడి తగ్గి ఉంటే మెదడు ఆ లోటుకి సర్దుకుని ఉంటుంది. అప్పుడు గబగబా తెస్తే లోపల నరాల పొరలు చెడిపోతాయి. మనిషి బతుకుతాడు, కళ్ళు కదుపుతాడు, అంతే. మాట రాదు. చెయ్యి లేవదు. రెండు గంటలకి నేను వేగం నిర్ణయించాలి. ఎన్నాళ్ళ నుంచో ఆలోగా కనుక్కుని చెప్పండి."

11:50కి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉన్నాను. గేటుకి అడ్డంగా సత్యవేదం ఉన్నారు.

ఆర్పీఎఫ్‌లో ఎస్సైగా రిటైరై, ఇక్కడ సెక్యూరిటీ ఆఫీసరుగా చేరిన మనిషి. అరవై రెండేళ్ళు, చేతిలో లాఠీ. తొమ్మిదేళ్ళ కిందట ప్లాట్‌ఫారం మీద ఆయన కుర్చీకి నేను 'అమ్మకానికి' అని కాగితం అంటించాను. చూసుకోకుండా అందులో కూర్చున్నారు. ఇద్దరు బేరం కూడా ఆడారట, ఒకాయన మనిషితో కలిపి. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు.

"ఇక్కడ మేకల్లేవు బావూ," అన్నారు.

"నేను ఎర్రయ్య కేసు మీద వచ్చినాను."

"కేసు నాను రాసీసినాను. తాగుడు."

"డాక్టరు కాదంది. ఒంట్లో ఉప్పు పడిపోనాదట. కావాలంటే ఫోన్ చేసి అడగండి."

ఆయన నిజంగానే ఫోన్ చేశారు. అవతలి మాట పూర్తిగా విని, జేబులోంచి కాగితం తీసి, రాసిన ముక్క కొట్టేశారు. పొరపాటు ఒప్పుకోవడానికి ఆయనకి పట్టిన సమయం నాలుగు సెకన్లు. నాకు అలాంటి అలవాటు లేకపోవడం వల్ల కొంచెం చిరాకేసింది.

"ఠీక్ హై. లోపలికి రా," అన్నారు. "కానీ ఏదీ ముట్టుకోకు."

లోపల నేను మొదట నిలదీసింది శ్రీనివాస్‌ని. ముప్పై ఏళ్ళవాడు, ఎర్రయ్య పక్కనే పనిచేసేవాడు. చొక్కా మీద జాన్ పాల్ రక్తం ఎండి అట్టకట్టింది. నేను నోట్‌బుక్ తెరిచి, ఊదా రంగు స్కెచ్ పెన్ను తీశాను. నేను ఆ రంగులోనే రాస్తాను. మామూలు రంగుల్ని నేరస్తులు ఇట్టే పసిగడతారు.

"ఎర్రయ్య బాటిల్‌లో నీళ్ళు ఎవరు పోసినారు?"

"నానే."

"ఎప్పుడు?"

"ఎనిమిదికోసారి, తొమ్మిదిన్నరకోసారి, పదింపావుకోసారి."

"పదింపావుకి నువ్వు పోసినావు. పదీ నలభైకి ఆయన పడిపోనాడు. మధ్య ఇరవై అయిదు నిమిషాలు." నేను లేచి నిలబడి షెడ్డంతా వినపడేలా అరిచాను. "దొరికిపోనావు శ్రీనివాస్! ఆ నీళ్ళలో ఏదో కలిపినావు! దోషివి నువ్వే!"

మిగతా విషయం మీకు తెలుసు. పన్ను ఇసుకలో పడింది.

"ఒరే గుంటడా," అన్నాడు శ్రీనివాస్, పిడికిలి దులుపుకుంటూ. "ఆ డ్రమ్ములో నీల్లు పదకొండు మందిమి తాగినాం. నానూ తాగినాను. నాకేటైనాది? నీల్లు పోసినోడల్లా యిసం కలిపినోడైతే, కొలాయి తిప్పినోడ్ని ఉరి తీసీ మరి!"

సత్యవేదం నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆయన శ్రీనివాస్ భుజం మీద చెయ్యి వేసి, నెమ్మదిగా అడిగారు. "ఇవాల్టి సంగతొదిలీ. నిన్నెలాగున్నాడు? మొన్నెలాగున్నాడు?"

"ఆదోరం సాయంత్రం పిక్కలు పట్టీసినాయన్నాడండి. సోమారం తల నొప్పి. నిన్న రెండు సార్లు కక్కుకున్నాడు. నన్ను సింహాద్రీ అని పిలిసినాడు. సింహాద్రంటే ఆయన తమ్ముడండి. సచ్చిపోయి పదేల్లు. పొద్దున మేస్త్రీ జాన్ పాల్ సూసి, నీకు బాగునేదు, ఇంటికెల్లిపో ఎర్రన్నా అన్నాడు. అంతే. గడ తీసినాడు. జాన్ పాల్‌ని కొడతన్నంతసేపూ సింహాద్రిని ఒదుల్రా, ఒదుల్రా అని అరిసినాడు."

సత్యవేదం అంతా రాసుకున్నారు. నేను రక్తం ఉమ్మాను.

అక్కణ్ణించి ముగ్గురం నీళ్ళ మూలకి వెళ్ళాం. కొలిమికి పద్నాలుగు అడుగుల దూరం. దారిలో ఇసుక మీద రెండు చోట్ల రక్తం గోధుమ రంగుకి తిరిగింది. మూడో చోట గడ అలాగే పడి ఉంది, దాని కొసకి నాలుగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. మూలలో నీళ్ళ డ్రమ్ము. గోడకి పదకొండు కొక్కేలు, పదకొండు చొక్కాలు. కింద చెక్క బల్ల, దాని మీద కేరియర్లు. ప్రతి కేరియర్ పక్కనా ఒక ఉప్పు డబ్బా.

ఆ డబ్బాల సంగతి చెప్పాలి. రైల్వే వర్క్‌షాపు ఫౌండ్రీలో తాతల కాలం నుంచి ఒక పద్ధతి ఉంది. కొలిమి దగ్గర నిలబడేవాడు మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు నాలిక మీద వేసుకున్నాకే నీళ్ళు తాగాలి. వాళ్ళ పిల్లలు ఎక్కడ కొలిమి పనికి పోయినా ఆ పద్ధతి వాళ్ళ వెంట పోయింది. అయితే ఉప్పు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, తగువులొస్తాయి. అందుకని ఎవరి డబ్బా వాళ్ళదే. ఒకడి డబ్బాలో ఇంకొకడు వేలు పెట్టడు.

"ఎర్రన్నది పెద్ద డబ్బా," అన్నాడు శ్రీనివాస్. "ఇంట్లో కూరకీ అదే, గంజికీ అదే, ఇక్కడికీ అదే. ఒక్కడే కదా. కరోనా జొరం వచ్చినకాడ్నించి ఆయనకి రుసీ తెల్దు, వాసనా తెల్దు. వేల్ల లెక్కనే ఉప్పేసుకుంతాడు. ఎవలైనా ఇంటికొస్తే ఒక గరిటి గంజి పోసి, సరిపోయినాదా అని అడుగుతాడు."

నేను ఆ డబ్బా చూశాను. అరకేజీ పట్టే సత్తు డబ్బా, మూతకి ఒక పక్క సొట్ట. గోడ పగులులోంచి ఒక సన్నటి చీమల బారు బయలుదేరి, బల్ల కోడు ఎక్కి, మిగతా పది డబ్బాల వైపు చూడనైనా చూడకుండా, తిన్నగా దాని మూత కిందికి పోతోంది.

నేను డ్రమ్ములోంచి నీళ్ళు ముంచుకుని తాగాను. కొలిమి పక్కన కదా, ఎవరికైనా దాహం వేస్తుంది.

సత్యవేదం అటు తిరిగి చొక్కాలు చూస్తున్నారు. శ్రీనివాస్ డ్రమ్ము నీళ్ళతో చెయ్యి కడుక్కుంటున్నాడు. డిటెక్టివ్ అనేవాడు సాక్ష్యాన్ని భద్రపరచాలి. నేను డబ్బాను నా భుజం సంచిలో భద్రపరిచాను. ఎవరికీ చెప్పకుండా భద్రపరిస్తే ఇంకా భద్రంగా ఉంటుంది.

"ఇలారా," అన్నారు సత్యవేదం. "ఈ సొక్కాలు సూడు. పదిన్నరకి తడిసిన సొక్కా యిప్పి ఇక్కడ ఆరేసి, పొడిది ఏసుకుంతారు. ఇది శ్రీనివాస్‌ది. ఏటి కనపడతన్నాది?"

వీపు మీద తెల్లగా, పటంలో నదుల్లా చారలు. చెమట ఆరి మిగిలిన ఉప్పు. పది చొక్కాల మీదా అలాగే ఉంది. పదకొండోది ఎర్రయ్యది. చెమటకి తడిసి ఆరి ముడతలు పడింది కానీ, ఒక్క తెల్ల చార లేదు.

"ఉతుక్కున్నాడేమో," అన్నాను.

"పదిన్నరకి యిప్పిన సొక్కా, పదీ నలభైకి పడిపోయిన మనిషి, మధ్యలో ఉతుక్కున్నాడా?" ఆయన చొక్కాని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. "మా అయ్య లోకో ఫౌండ్రీ మనిషి. వీపు మీద తెలుపున్నన్నాళ్ళూ మనిషికి భయం నేదనీవోడు. ఒంట్లో ఉప్పు కరువైతే ఒల్లు పిసినారైపోద్దట. సెమట్లోంచి కూడా ఉప్పుని ఎనక్కి లాగీసుకుంతాదట. ఉత్త నీల్లే బయటికి ఒదులుద్దట. అయితే ఆ పిసినారితనం ఒక్క పూటలో రాదు. మూడ్రోజులో, నాలుగ్రోజులో పడతాది."

"ఇది డిటెక్షనా, చాకిరేవా?" అన్నాను. నా గొంతు అవసరమైన దానికంటే పెద్దగా వినిపించింది.

ఆయన జవాబు చెప్పే లోపు గేటు దగ్గర మోటారు సైకిళ్ళ చప్పుడైంది. టైము 12:40.

వచ్చినవాడు శామ్, జాన్ పాల్ తమ్ముడు. వెనక ఇద్దరు. శామ్ చేతిలో గొట్టాలు బిగించే రెంచి. నేను షెడ్డంతా వినపడేలా అరిచాను కదా, దోషివి నువ్వే అని. ఆ అరుపు పది ఫోన్లలో ఏదో ఒకదాని ద్వారా ఆసుపత్రికి చేరింది. మిగతా పని అన్న తెగిన చెవి చేసింది.

"శ్రీనివాస్ ఎవడ్రా?"

సమాధానం కోసం ఆగలేదు. మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. శ్రీనివాస్ కూలిపోయాడు. ఇద్దరు అతని చేతులు బల్లకేసి అదిమారు. శామ్ రెంచితో ఎడమ చేతి వేళ్ళ మీద కొట్టాడు. ఎండు పుల్ల విరిగిన చప్పుడే వచ్చింది, కొంచెం తడిగా. శ్రీనివాస్ అరిచిన అరుపుకి కొలిమి దగ్గరవాళ్ళంతా గడలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"ఏటి కలిపినావురా నీల్లల్లో? సెప్పు! మా అన్న సెవి యెవుడిస్తాడ్రా?"

"నానేటీ కలపనేదు! అమ్మా!"

"ఇంకో చెయ్యి ఎట్టండ్రా!"

సత్యవేదం లాఠీ ఒకడి మణికట్టు మీద పడింది, రెండోవాడి మోకాలి వెనక పడింది. శామ్ రెంచి తిప్పితే ఆయన నుదురు చీలి కన్నులోకి రక్తం కారింది. ఆయన కన్ను తుడుచుకోలేదు. అవతలి నుంచి గడలు పైకి లేస్తున్నాయి. ఇంకో పది సెకన్లు పోతే అక్కడ రెండు మూడు శవాలు లేచేవి. నేను ధైర్యంగా డ్రమ్ము వెనక నిలబడి ఉన్నాను.

అప్పుడు అరిచాను. "ఆగండి! ఎవరూ ఏటీ కలపలేదు! ఇది ఇవాళ పొద్దుట జరిగిన ప్రమాదం! ఎర్రయ్య తాత ఒక్క పూటలో పన్నెండు లీటర్లు తాగీసినాడు. ఒంట్లో ఉప్పు కొట్టుకుపోనాది. కావాలంటే డాక్టరునే అడగండి!"

ఫోన్ స్పీకర్లో పెట్టాను. రెండుసార్లు తప్పు నంబరు వెళ్ళింది.

"డాక్టర్ గారూ, అమర్‌నాథ్‌ని. పరిశోధన పూర్తయింది. ఇది ఇవాళ్టిదే. నిన్నటి దాకా ఎర్రయ్య గుండులా ఉన్నాడు."

"ఖచ్చితమేనా? దీని మీదే మందు వేగం ఆధారపడుతుంది."

"నాలుగు వందల కేసుల అనుభవంతో చెబుతున్నాను."

"సరే. రెండు గంటలకి సెలైన్ పంపు వేగం పెంచుతాను."

శామ్ రెంచి దించాడు. రొప్పుతున్నాడు. కింద పడి ఉన్న శ్రీనివాస్ వేళ్ళ వంక చూసి, గడల వంక చూసి, వెనక్కి నడిచాడు. మోటారు సైకిళ్ళు వెళ్ళిపోయాయి. సమయం 12:58. ఒక్క అబద్ధంతో ముగ్గురి ప్రాణాలు కాపాడాను. నాలుగో ప్రాణం గురించి ఆ క్షణంలో నేను ఆలోచించలేదని చెప్పుకోవాలని ఉంది.

శ్రీనివాస్ చేతికి ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోని కట్టు కట్టి, ఆటోకి చెప్పేసరికి ఒకటిన్నర దాటింది. సత్యవేదం నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. నుదుటికి నల్లబడిన రుమాలు కట్టుకున్నారు. బల్లకి అటు ఆయన, ఇటు నేను, నా ఒళ్ళో సంచి.

"సింహాద్రి అని ఎప్పుడు పిలిసినాడన్నాడు శ్రీనివాస్?"

"గుర్తులేదండీ."

"మంగలారం. పిక్కలు పట్టీసింది?"

"అది వయసు వల్ల."

"ఆదోరం. నువ్వు పక్కనే కూకున్నావు, అంతా యిన్నావు. సొక్కా సూపించినాను, అదీ సూసినావు. మరి డాక్టరుకి ఇవాల్టిదే అని ఎందుకు సెప్పినావు?"

"కొట్లాట ఆపడానికి."

"కొట్లాట ఆగి నలభై నిమిషాలైనాది. మల్లీ ఫోన్ సేసి సరిదిద్దనేదేటి?"

"మీ లాజిక్‌లో ఒక లోపం ఉన్నాది," అన్నాను. లోపం ఏమిటో వెతుక్కుంటూ కాసేపు నేలవైపు చూశాను. "మీరు నా మీద కుర్చీ పగ పెట్టుకున్నారు."

"ఆ కుర్సీ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాది. ఆ బేరమాడినోడు మంచి ధరే సెప్పినాడు." ఆయన ముందుకి వంగారు. "పదకొండు కొక్కేలు, పదకొండు కేరియర్లు, పది ఉప్పు డబ్బాలు. పదకొండో డబ్బా ఉన్న సోట బల్ల మీద గుండ్రంగా దుమ్ము నేదు. డబ్బా ఎక్కడికెల్లింది, బావూ?"

"నేరస్తుడు తీసుకుపోయి ఉంటాడు."

"ఔను. నానూ అదే అనుకుంతన్నాను." ఆయన నా మెడ వంక చూశారు. "నీ కాలర్ మీద ఏటది?"

గోక్కున్నాను. వేలికి ఒక చీమ వచ్చింది. ఇంకోటి చెవి వెనక నడుస్తోంది. ఒళ్ళో చూసుకున్నాను. సంచి జిప్పు సందులోంచి ఎర్రగా, సన్నగా, క్రమశిక్షణ గల బారు ఒకటి బయటికొచ్చి, నా బొత్తాల పక్కనుంచి మీదికి ఎక్కుతోంది. నన్ను అరెస్టు చేయడానికి వచ్చిన చీమలు నాలుగు లక్షలు ఉంటాయి.

సత్యవేదం లేచారు. లాఠీ అడ్డంగా నా గొంతుకి ఆనించి, కుర్చీతో సహా గోడకేసి అదిమారు. నాకు ఊపిరి ఆడలేదు. రెండో చేత్తో సంచి లాగి, డబ్బా తీసి, మూత విప్పి, చిటికెడు తన నాలిక మీద వేసుకున్నారు.

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఉప్పుకి సీమలు పట్టవు," అన్నారు.

డబ్బాను తిరగేశారు. అడుగున ఊదా రంగు స్కెచ్ పెన్నుతో గీసిన నాలుగు గీతలున్నాయి. అలాంటి రంగే నా చొక్కా జేబు మీద కారి మరకై ఉంది. ఆయన గీతల్ని చూశారు, మరకని చూశారు. లాఠీ గొంతు మీద నుంచి తీశారు. కొడతారనుకుని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. కొట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. నంబరు నొక్కి స్పీకర్ ఆన్ చేశారు. గోడ గడియారంలో 1:51.

"నాను సెప్పను," అన్నారు. "తారీకు నీకే తెలుసు. నువ్వే సెప్పు."

"డాక్టర్ వాసంతి. ఎవరు?"

నోరు తెరిచాను. పన్ను పోయిన చోట గాలి చల్లగా తగిలింది.

"అమర్‌నాథ్‌నండీ. అది... ఇవాల్టిది కాదండీ."

"ఏమిటి కాదు? గట్టిగా చెప్పండి."

"ఉప్పు. ఇవాల్టిది కాదు. శనివారం పొద్దున్న ఏడున్నరకి తాత తానానికెల్లినప్పుడు ఆ డబ్బాలో ఉప్పు పారబోసి పంచదార పోసినాను. నానే. తాతకి రుసి తెల్దు కదండీ, ఎన్నాళ్ళకి కనిపెడతాడో సూద్దామని మా లైన్లో పందెం. ఓడినోడు ఇందా బజార్లో గాడిదలాగ ఓండ్ర పెట్టాల. రోజూ సాయంత్రం ఎల్లి డబ్బా కింద ఒక గీత గీసినాను. నాలుగు గీతలు. ఇవాల ఐదో రోజు. అప్పట్నుంచి ఆయన ఒక్క ఉప్పు గల్లు తిననేదండీ."

అవతల ఫోన్‌కి దూరంగా వాసంతి గొంతు, చాలా వేగంగా: "సిస్టర్! పంపు మార్చకండి. ఉన్న వేగం కూడా తగ్గించండి. ఐదు రోజులది. అవును, ఐదు రోజులు!" చెప్పుల చప్పుడు. ఏదో యంత్రం కూత. ఎవరో ఫోన్ అందుకున్నారు.

"అమరూ."

శ్రావణి గొంతు.

"ఆయన బాగుంతాడా?" అని అడిగాను.

"తెల్దంట. రేపటికి గానీ తెల్దంట." ఆమె ఏడవడం లేదు. "మా నాన్న దినం నాకు ఫోన్ సేసి సెప్పీవాడు. అమర్ మంచోడే, సాయంత్రమైతే వచ్చి కూకుంతన్నాడు, గంజి రుసి సూసి సెప్తన్నాడు అని. నిజమేనా?"

సత్యవేదం నా వైపే చూస్తున్నారు. నుదుటి రుమాలు కింద నుంచి ఒక రక్తపు చుక్క జారి బల్ల మీద పడింది. కిటికీ అవతల, ఆటో కోసం చూస్తున్న శ్రీనివాస్, విరిగిన చెయ్యి గుండెకి ఆనించుకుని, ఇటే వింటున్నాడు.

"నిజమే."

"సరిపోయినాదా బావూ అని అడిగీవోడు కదా. నువ్వేటన్నావు?"

నా దగ్గర ఇంక అబద్ధాలు లేవని కాదు. చాలా ఉన్నాయి.

"సరిపోయినాది తాతా అన్నాను," అన్నాను. "నాలుగు సార్లు."